ఇంటి కంప్యూటరుకు మాట నేర్పినవారు

విజయనగరం జిల్లాలోని బొబ్బిలి వీణలకు ప్రసిద్ధి. ఆ పక్కనే ఉన్న గొల్లపల్లి శిల్పులు ఒకే పనస మానును తొలిచి ఏకాండి వీణను తీర్చిదిద్దుతారు. ఎంత నేర్పుతో చెక్కినా, వాయించే విద్య తోడు కానంతవరకు ఆ వీణ మూగదే. కంప్యూటర్ కూడా అటువంటిదే. చేతికి తగిలే యంత్రభాగాలు హార్డ్‌వేర్. ఆ యంత్రం ఏ పనిని ఏ క్రమంలో చేయాలో తెలిపే ఆదేశాల సముదాయం సాఫ్ట్‌వేర్. సాఫ్ట్‌వేర్ అనగానే నేడు మనకు అద్దాల మేడలు, వేల సంఖ్యలో ఉద్యోగులు గుర్తుకు వస్తారు. కాని కంప్యూటర్ సామాన్యుని ఇంట అడుగుపెట్టిన తొలినాళ్ళలో దానికి పని నేర్పినవారిలో చాలామంది ఒంటరి వ్యక్తులు. తమకు అవసరమైన ప్రోగ్రామును తామే రాసుకొని, ఇతరులకు పంచిపెట్టినవారు.

1975 జనవరిలో అమెరికాలోని ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ‘ఆల్టెయిర్ 8800’ అనే యంత్రాన్ని ముఖచిత్రంగా ప్రచురించింది. 400 డాలర్లలోపు ధరకు విడిభాగాలు తెప్పించుకొని ఇంట్లోనే అమర్చుకోవచ్చు. అయితే దానికి తెర లేదు, అక్షరాల మీటలు లేవు. ముందున్న చిన్న మీటలను పైకీ కిందికీ కదిపి ఆదేశాలు ఇవ్వాలి. వెలిగే దీపాలను చూసి ఫలితం తెలుసుకోవాలి. బిల్ గేట్స్, పాల్ అలెన్ అనే యువకులు ఈ యంత్రానికి ‘బేసిక్’ భాషను సిద్ధం చేశారు. దానిని కొనకుండా నకళ్ళు తీసుకొంటున్నారని గేట్స్ 1976 ఫిబ్రవరిలో ఔత్సాహికులకు బహిరంగ లేఖ రాశాడు. శ్రమకు ప్రతిఫలం లేకపోతే మంచి ప్రోగ్రాములు ఎవరు రాస్తారన్నది ఆయన ప్రశ్న. అదే సంవత్సరం మరికొందరు ‘టైనీ బేసిక్’ పేరుతో చిన్న ప్రోగ్రాములు రాసి, అందరూ వాడుకొనేటట్లు పత్రికలలో ప్రచురించారు. రచయిత బతకాలన్నది ఒక వాదం. విద్య పంచుకొంటేనే పెరుగుతుందన్నది మరొక వాదం. రెండింటిలోనూ సత్యం ఉంది. ఆ చర్చ ఇంకా ముగియలేదు.

1977లో ఆపిల్-2, కమోడోర్ పెట్, టీఆర్‌ఎస్-80 యంత్రాలు వచ్చాయి. 1981లో ఇంగ్లండులో వెలువడిన ‘జెడ్‌ఎక్స్81’ ధర 70 పౌండ్లలోపే. ఇంట్లోని టెలివిజనే దాని తెర. పాటల క్యాసెట్ రికార్డరే దాని భాండాగారం. దాని జ్ఞాపకశక్తి ఒక్క కిలోబైటు, అనగా 1024 బైట్లు. నేడు విరివిగా వాడే సంకేత పద్ధతిలో ఒక తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఆ లెక్కన ఈ పేరా కూడా ఆ యంత్రంలో ఇమడదు. ప్రోగ్రాములు పత్రికలలో అచ్చయ్యేవి. పాఠకులు వాటిని పంక్తి వెంట పంక్తి చూసి మీటలు నొక్కి ఎక్కించుకొనేవారు. ఒక్క చుక్క తప్పినా ప్రోగ్రాము నడిచేది కాదు. ఆ తప్పును వెదుక్కోవడంలోనే ఎందరో విద్యార్థులు ప్రోగ్రామింగ్ నేర్చుకొన్నారు. కొందరు తమ రచనలను క్యాసెట్లలోకి ఎక్కించి తపాలా ద్వారా అమ్మారు.

1983లో ‘మానిక్ మైనర్’ అనే ఆట ఇంగ్లండులో గొప్ప ఆదరణ పొందింది. దానిని రాసిన మాథ్యూ స్మిత్ అప్పటికి మీ వయసువాడే. మరుసటి ఏడు కేంబ్రిడ్జిలో చదువుకొంటున్న డేవిడ్ బ్రాబెన్, ఇయాన్ బెల్ ‘ఎలైట్’ అనే ఆటను రూపొందించారు. అందులో ఎనిమిది నక్షత్ర మండలాలు, ఒక్కొక్క దానిలో 256 గ్రహాలు ఉన్నాయి. వారి బీబీసీ మైక్రో కంప్యూటర్ జ్ఞాపకశక్తి 32 కిలోబైట్లు మాత్రమే. రెండు వేలకు పైగా గ్రహాల వివరాలను అంత చిన్న చోట దాచడం ఎలా సాధ్యమైంది? వారు వాటిని దాచనే లేదు. ఒక చిన్న సంఖ్యను, ఒక గణిత నియమాన్ని మాత్రం ఉంచారు. అవసరమైనప్పుడు ఆ నియమం ప్రకారం గ్రహం పేరు, స్థానం, సంపద అప్పటికప్పుడు ఏర్పడతాయి. ఎక్కాలన్నీ కంఠస్థం చేయకుండా గుణించే పద్ధతి తెలిసి ఉంటే చాలు కదా! లేమి వారి ఆలోచనకు పదును పెట్టింది.

అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్, జిమ్ బటన్ 1982లో మరొక దారి చూపారు. ‘ప్రోగ్రామును తీసుకొని వాడండి, మిత్రులకు ఇవ్వండి, నచ్చితే కొంత పైకం పంపండి’ అన్నది వారి పద్ధతి. దానికే తరువాత ‘షేర్‌వేర్’ అనే పేరు స్థిరపడింది. క్రమంగా యంత్రాల శక్తి పెరిగింది. ఒక్క ఆటకు పదుల సంఖ్యలో నిపుణులు కావలసి వచ్చింది. అంగళ్ళలో పెద్ద సంస్థల పెట్టెలే మిగిలాయి. అయినా ఒంటరి కృషికి కాలం చెల్లలేదు. అది మన తెలుగు వైపు మళ్ళింది.

భారతదేశంలో 1984లో మొదలైన ‘క్లాస్’ పథకం ద్వారా కొన్ని పాఠశాలలకు బీబీసీ మైక్రో యంత్రాలు చేరాయి. తెర మీద కనిపించినది మాత్రం ఆంగ్లమే. తెలుగును యంత్రానికి నేర్పడం సులభం కాదు. ఆంగ్లానికి పెద్దబడి, చిన్నబడి కలిపి 52 అక్షరాలు చాలు. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరంలో మూడు హల్లులు, ఒక అచ్చు ఉన్నాయి. గుణింతాలు, ఒత్తులు కలిస్తే రూపాలు వేలకు చేరుతాయి. ఆనాటి యంత్రం ఇచ్చిన స్థానాలు 256 మాత్రమే. అందువల్ల ఖతుల రూపకర్తలు అక్షరాలను తలకట్టు, గుడి, కొమ్ము అంటూ ముక్కలు చేసి అమర్చారు. ఎవరి అమరిక వారిది. ఒకరు ‘క’ ఉంచిన చోట మరొకరు వేరొక ముక్కను ఉంచారు. ఒక ఖతిలో రాసిన ఉత్తరం మరొక కంప్యూటరులో అర్థంలేని గీతలయ్యేది.

1990ల తొలి సంవత్సరాలలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఒక ఉపాయం ఆలోచించారు. ఇంగ్లీషు మీటలతోనే తెలుగు రాయడానికి వారు ఏర్పరచిన పద్ధతి ఆర్‌టీఎస్ పేరుతో వ్యాపించింది. చిన్నబడి ‘టి’ కొడితే ‘త’, పెద్దబడి ‘టి’ కొడితే ‘ట’. కొత్త మీటల పలక అవసరం లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగు అక్షరాలకు ప్రపంచమంతటా ఒకే సంకేతాలను నిర్ణయించింది. కాని నియమం ఉంటే చాలదు. దానిని ఆచరణలో పెట్టే పరికరాలు కావాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన ఖతులను రూపొందించి ఉచితంగా అందించారు. వెన్న నాగార్జున రచించిన ‘పద్మ’ పాత ఖతుల రాతను యూనికోడ్‌లోకి మార్చింది. దాని ఆధారంగా వీవెన్ 2006లో ‘లేఖిని’ని అందుబాటులోకి తెచ్చారు. ఇంటర్నెట్‌లో తెలుగు రాయాలని తపించిన ఎందరికో అది తొలి పలక అయింది.

లాభం కనిపించిన చోటికి వ్యాపార సంస్థలు తప్పక వస్తాయి. లాభం కనిపించని చోట ఆ భాషవారే పూనుకోవాలి. ఇది మన ప్రాంతానికి కొత్త పాఠం కాదు. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి సవరల భాషను నేర్చుకొని, దానికి వ్యాకరణాన్ని, నిఘంటువును సమకూర్చారు. ఆ పనిని ఎవరూ ఆయనకు ఉద్యోగంగా అప్పగించలేదు. ఆ భాషకే 1936లో మంగేయి గొమాంగో ‘సొరంగ్ సొంపెంగ్’ అనే లిపిని సృష్టించారు. 2012లో దానికి యూనికోడ్‌లో స్థానం దక్కింది. మన జిల్లాల సవరలు తమ భాషను రాసేటప్పుడు ఎక్కువగా తెలుగు లిపినే వాడుతున్నారు. సవర పిల్లలు తమ మాటలను తమ ఫోనులో తప్పులు లేకుండా రాసుకోవడానికి నిఘంటువులు, ఆటలు, పాఠాలు ఇంకా ఎన్నో కావాలి. వాటిని రాయడానికి అద్దాల మేడ అక్కరలేదు. ఒక బల్ల, ఒక యంత్రం, ఆ భాష మీద ప్రేమ, తప్పును వెదికే ఓర్పు చాలు.

ప్రశ్నలు

1. గేట్స్ లేఖలోని వాదం, ‘టైనీ బేసిక్’ రచయితల వాదం – వీటిలో మీరు దేనిని సమర్థిస్తారు? ఎందుకు?
2. ‘ఎలైట్’ రూపకర్తలు తక్కువ జ్ఞాపకశక్తితో ఎక్కువ గ్రహాలను ఎలా సృష్టించారు?
3. తొలినాళ్ళలో కంప్యూటరులో తెలుగు రాయడానికి ఎదురైన ఇబ్బందులను వివరించండి.
4. మీ ప్రాంతపు భాషకు లేదా వృత్తికి ఉపయోగపడే ఒక ప్రోగ్రామును ఊహించి, అది చేయవలసిన పనులను పది వాక్యాలలో రాయండి.