చలి లెక్క తెలిసిన తీగ

కివీ తీగని మన దేశంలో మొదట నాటింది బెంగుళూరు లాల్‌బాగ్‌లోనే అమ్మడూ, 1960లో. అక్కడ కాపుకి రాలేదు. 1963లో సిమ్లాలో నాటితే 1969కి కాసింది. తేడా అంతా చలిలో ఉంది.

చలికాలంలో ఆ తీగ ఆకులన్నీ రాల్చేసి మోడైపోతుంది. అలాగని ఊరికే పడి ఉండదు. ఏడు డిగ్రీలకి దిగువన ఎన్ని గంటలు గడిచాయో కొమ్మ మీది ప్రతి కంటిలోనూ జమ పడుతూనే ఉంటుంది. హేవార్డ్ అనే రకానికైతే సుమారు 700 నుంచి 1000 గంటలు కావాలి. బెంగుళూరు చలి మనచేత స్వెట్టర్ వేయిస్తుంది గానీ, దీనికి చాలదు. చలి తక్కువైతే కళ్లు అక్కడొకటి ఇక్కడొకటి చిగురిస్తాయి, పూత పలచబడుతుంది.

నాకు ఎప్పటికీ ఆశ్చర్యం కలిగించే సంగతి ఇంకోటుంది. ఈ ఏడు పూత రావాలా వద్దా అన్నది నిరుటి వేసవిలోనే తేలిపోతుందట! ఎండ బాగా తగిలిన కొమ్మ పూస్తుంది, నీడన పెరిగినది పెద్దగా పూయదు. కానీ పువ్వు రూపు కట్టేది మాత్రం ఇన్ని నెలల తరవాత, కన్ను పగిలే రోజుల్లోనే. నిరుటి కొమ్మ మీద కొత్త రెమ్మ లేచి, దాని మొదటి ఆకుల దగ్గరే మొగ్గలు కనిపిస్తాయి. అందుకే కత్తిరింపులప్పుడు ఎండ తిన్న నిరుటి కొమ్మల్ని ఏరి పందిరికి కట్టుకుంటారు. హిమాచల్‌లో మార్చి, ఏప్రిల్‌లలో చిగురు, మే నెలకి పూత. న్యూజిలాండ్‌లో అదే పూత నవంబరులో.

పువ్వు విచ్చినప్పుడు తెల్లగా ఉండి, రెండు మూడు రోజులకి మీగడ రంగుకి తిరుగుతుంది. మన తాటిచెట్లలో పోతుతాడు, పెంటితాడు ఉన్నట్టే ఇందులోనూ మగ తీగ వేరు, ఆడ తీగ వేరు. ఆడ పువ్వులోనూ పుప్పొడి ఉంటుంది గానీ అది మొలకెత్తదు. హేవార్డ్ ఆలస్యంగా పూస్తుంది కాబట్టి, దానికి జోడీగా ఆలస్యంగానే పూసే తోమురి అనే మగ రకాన్ని వేస్తారు. రెండూ ఒకేసారి పూయకపోతే ఏడాది కష్టం వృథా. పైగా ఈ పువ్వులో తేనె చుక్క ఉండదు. తేనెటీగలు పుప్పొడి కోసమే రావాలి. పక్కన తేనె ఉన్న పూలు కనిపిస్తే అటే పోతాయి పాపం, వాటి తప్పేముంది! అందుకని పూత వేళ తోటలో తేనెటీగల పెట్టెలు ఎక్కువగా పెడతారు.

రేపు బజారు నుంచి ఓ కివీ తెస్తాను, అడ్డంగా కోసి చూద్దాం. బాగా ఎదిగిన పండులో నల్ల గింజలు వెయ్యి దాటుతాయి. ఒక్కో గింజ వెనకా ఒక్కో పుప్పొడి రేణువు ఉంటుంది. అవి తక్కువ పడితే పండు ఎదగదు.