భారతదేశంలో విమానయాన కార్మికుల సమ్మెపై పరిమితులు

భారతదేశంలో విమానయాన సంస్థల కార్మికులు సమ్మె చేయడాన్ని కార్మిక చట్టాలు పూర్తిగా నిషేధించలేదు. అయితే నోటీసు, రాజీ చర్చలకు సంబంధించిన నిబంధనల వలన చట్టబద్ధమైన సమ్మెకు మిగిలే అవకాశం చాలా స్వల్పం. సంఘం ఏర్పరచుకొనే ప్రాథమిక హక్కులో సమ్మె హక్కు ఇమిడి లేదని సుప్రీంకోర్టు 1961లో అఖిల భారత బ్యాంకు ఉద్యోగుల సంఘం కేసులో తీర్పు చెప్పింది.

1947 చట్టం

పారిశ్రామిక వివాదాల చట్టం, 1947 విమాన రవాణాను రైల్వేల వలెనే ప్రజోపయోగ సేవగా పరిగణించింది. ఇటువంటి సేవలలో నోటీసు ఇచ్చిన తరువాత 14 రోజుల లోపు సమ్మె చేయరాదు. ఆరు వారాలు దాటితే ఆ నోటీసు చెల్లదు. అసలు చిక్కు మరొక నిబంధనలో ఉంది. రాజీ చర్చలు సాగుతున్నంత కాలం, అవి ముగిసిన తరువాత ఏడు రోజుల వరకు కూడా సమ్మె చట్టవిరుద్ధమే. ప్రజోపయోగ సేవలలో సమ్మె నోటీసు కార్మిక శాఖ అధికారికి అందిన రోజే రాజీ చర్చలు మొదలైనట్లు లెక్క. అంటే నోటీసు ఇవ్వనిదే సమ్మె కుదరదు, ఇస్తే చర్చలు ముగిసేదాకా ఆగాలి. తరువాత వివాదాన్ని ట్రిబ్యునలుకు పంపితే నిషేధం మరింత కాలం కొనసాగుతుంది. లాకౌట్ ప్రకటించే యాజమాన్యానికి కూడా ఇటువంటి నిబంధనలే ఉన్నాయి.

విమాన రవాణా వివాదాలు కేంద్ర ప్రభుత్వ పరిధిలోనివి. కనుక హైదరాబాదు, విశాఖపట్నంలలో పనిచేసే సిబ్బంది వివాదం కూడా రాష్ట్ర కార్మిక శాఖకు కాక కేంద్ర కార్మిక అధికారుల వద్దకే వెళుతుంది.

అనారోగ్య సెలవులు

ఈ కారణంగా సమ్మె అన్న పేరు లేకుండా పని ఆపడం పరిపాటి అయింది. ఆరోగ్యం బాగాలేని పైలటు విమానం నడపరాదు కాబట్టి, అనారోగ్య సెలవును యాజమాన్యం తేలికగా కాదనలేదు. 2009 సెప్టెంబరులో జెట్ ఎయిర్‌వేస్ పైలట్లు, సంఘం ఏర్పాటుకు పూనుకొన్న సహచరుల తొలగింపుకు నిరసనగా మూకుమ్మడిగా ఈ సెలవు పెట్టారు. 2012 మే నెలలో ఎయిర్ ఇండియా పైలట్లు ఇదే చేయగా, ఢిల్లీ హైకోర్టు వారి ఆందోళనను నిలువరిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. అయినా అది జూలై వరకు సాగింది. 2024 మే నెలలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది సెలవు పెట్టినపుడు యాజమాన్యం 25 మందిని తొలగించి, కేంద్ర కార్మిక అధికారుల సమక్షంలో జరిగిన చర్చల తరువాత వారిని తిరిగి తీసుకొంది.

2020 కోడ్

1947 చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020 నవంబరు 21, 2025న అమలులోకి వచ్చింది. ముందస్తు నోటీసు నిబంధన దీనితో అన్ని పరిశ్రమలకూ విస్తరించింది. నోటీసు చెల్లుబాటు 60 రోజులు. సగం మంది లేదా అంతకు మించి కార్మికులు కూడబలుక్కొని ఒకే రోజు క్యాజువల్ లీవు పెడితే అదీ సమ్మె క్రిందికే వస్తుంది. ఈ వాక్యంలో అనారోగ్య సెలవు ప్రస్తావన లేకపోవడం గమనార్హం. అయితే కలసికట్టుగా పని నిరాకరించడమే సమ్మె అన్న పాత నిర్వచనం కూడా కోడ్‌లో ఉన్నందున, సెలవు పేరు మారినంత మాత్రాన రక్షణ దొరుకుతుందని చెప్పలేము. చట్టవిరుద్ధ సమ్మెకు పాత చట్టంలో 50 రూపాయల వరకే ఉన్న జరిమానా, కోడ్‌లో 1,000 నుండి 10,000 రూపాయలకు పెరిగింది. నెల రోజుల వరకు జైలుశిక్ష మాత్రం రెండింటిలోనూ ఉంది.