చిలుక తూకము



నేటి ప్రసంగపు పేరు విని మీలో కొందఱు నవ్వియుందురు. చిలుక పలుకును గూర్చి చెప్పిన పండితులు కలరు; చిలుక నోట కథలు చెప్పించిన కవులు కలరు; చిలుక తూకమును గూర్చి చెప్పువాడెవ్వడని మీకు తోచుట సహజము. నేను అలిపిరి వాడను. తిరుమలకు మెట్లదారి మొదలగు ఆ కొండపాదముననే పుట్టి పెరిగి, బడిపిల్లలకు తెలుగును సంస్కృతమును చెప్పి, ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్నవాడను. మాకు దాపుననున్న తిరుచానూరును శుకమహర్షి పేరిట తిరుశుకనూరని వ్యుత్పత్తి చెప్పు పెద్దలు కలరు. చిలుకతో మా సీమకు గల చుట్టరికము అంత పాతది. కావున చిలుక యొడలు ఉండవలసినంత తూకముతో నున్నదో లేదో తెలిసికొను విధమును నేడు మనవి చేసెదను.

మొదట మా యింటి సంగతి యొకటి చెప్పవలెను. నా బాల్యమున, అనగా 1960వ దశకపు చివరి సంవత్సరములలో, మా అవ్వ యొక రామచిలుకను పెంచినది. అది వాకిట పంజరములో నుండి వచ్చిపోవువారినెల్ల పలుకరించుచుండెడిది. అవ్వ తాను తినక ముందే దానికి పెట్టెడిది. నేతి యన్నము, వేరుసెనగ పప్పులు, జీడిపప్పు పలుకులు, కొండ మీది నుండి వచ్చిన లడ్డు ప్రసాదములో చిన్న ముక్క. చిలుక గుండ్రముగా, నిగనిగలాడుచు నుండెను. చూచినవారందఱును "ఎంత పుష్టిగా నున్నదమ్మా!" యనిరి. కొన్నాళ్లకు అది పైకమ్మి కెక్కుట మానినది. కొంచెము కదలిన రొప్పెడిది. ఒక కార్తికమాసపు ఉదయమున పంజరపు అడుగున చచ్చిపడియుండెను. దిష్టి తగిలినదని ఇరుగుపొరుగువారనిరి. అవ్వ మూడు దినములు సరిగా భోజనము చేయలేదు. దిష్టి కాదు, మా ప్రేమయే దానిని చంపినదని నాకు తెలియుటకు ముప్పదియేండ్లు పట్టినది.

ఇప్పుడు కాలము మారినది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. ఆ చట్టమును, దానికి తరువాత వచ్చిన సవరణలును అనుసరించి మన దేశపు చిలుకలను పట్టుటయు, అమ్ముటయు, ఇంట పంజరమున నుంచుటయు నేరము. చిలుక జోస్యము చెప్పువాని పెట్టెలోని చిలుకకును ఈ చట్టమే వర్తించును. అట్లయిన ఈ ప్రసంగమెందుకని యడుగుదురేమో. దానికి మూడు కారణములు చెప్పెదను. పట్నముల నుండి పిల్లలు తెచ్చు బడ్జెరిగార్, కాకటీల్ మొదలగు విదేశపు పక్షులు నేడు పల్లెలలోను పెరుగుచున్నవి. వానిలో కొన్ని జాతులకు 2024 నాటి నిబంధనల ప్రకారము ప్రభుత్వమువారి కడ నమోదు కూడ చేయింపవలెను. ఇది మొదటిది. చట్టమెఱుగక యేండ్ల తరబడి పెంచిన రామచిలుకలు ఇంకను కొన్ని యిండ్లలో నున్నవి. ఇది రెండవది. గాలివానకు గూటి నుండి పడినదియో, గాలిపటపు దారము తగిలి ఱెక్క తెగినదియో మీ పెరటిలో దొరకవచ్చును. ఇది మూడవది. ఈ మూడింటి విషయమునను పక్షి స్థితిని తెలియుట అవసరము.

తర్కశాస్త్రమున ప్రత్యక్షమును మొదటి ప్రమాణముగా చెప్పుదురు. కాని చిలుక విషయమున కంటి ప్రత్యక్షము మోసగించును. పక్షి యొడలినెల్ల ఈకలు కప్పియుండును. ఎముకలు తేలిన చిలుకయు, ఈకలు పొంగించి కూర్చుండిన, బంతివలె నిండుగా కనిపించును. నిజమునకు, జబ్బుపడిన పక్షి వెచ్చదనమునకై ఈకలను పొంగించుకొనును. మనము దానినే పుష్టియని భ్రమపడుదుము. మఱియొక సంగతి. డేగయు పిల్లియు బలహీనమైన పక్షినే ముందుగా గుఱిచూచును. కావున చిలుక తన జబ్బును కడదాక దాచుకొనును. ఈ రోగము మన కంటికి కనిపించునప్పటికి తఱచుగా ఆలస్యమైయుండును. అందుచేత కంటికంటె చేతిని, చేతితోపాటు తక్కెడను నమ్మవలెను.

చేతి పరీక్ష యెట్లన: పక్షి రొమ్మునకు నడుమ, మెడ క్రింది నుండి పొట్ట వఱకు, నిలువుగా నొక యెముక గట్టువలె నుండును. ఎగురుటకు వలయు కండరములు ఆ గట్టునకు ఇరుప్రక్కల అంటియుండును. కోడిని కోసిన యింట దీనిని అందఱును చూచియే యుందురు. వ్రేలికొనతో ఈకల క్రిందుగా ఆ గట్టును మెల్లగా తడవవలెను. ఆరోగ్యముగల పక్షికి గట్టు తగులును గాని గ్రుచ్చుకొనదు. ఇరుప్రక్కల కండ గట్టిగా, కొంచెము గుండ్రముగా, ఏటవాలుగా దిగును. చిక్కిన పక్షికి గట్టు కత్తి వాదరవలె తగులును. ప్రక్కలు గుంటలు పడియుండును. లావెక్కిన పక్షికి గట్టును వెదకవలసివచ్చును. ఇరుప్రక్కల మెత్తని పొంగు లేచి, గట్టున్న చోట చాలువలె పల్లమేర్పడియుండును. పశువైద్యులు ఈ స్థితులను తఱచుగా 5 మెట్లుగా విభజించి, నడిమి మెట్టును మంచిదిగా నెంచుదురు. పొట్ట మీది ఈకలను కొంచెము నీటితో తడిపి ప్రక్కకు తీసిన, పలుచని చర్మము క్రింద పసుపువన్నె కొవ్వు కనిపించుటయు లావునకు గుఱుతే.

ఇచట నొక హెచ్చరిక. పక్షికి మనకున్నట్లు ఉదరవితానము లేదు. దాని రొమ్ము ముందునకును వెనుకకును కదలిననే ఊపిరి యాడును. చేత పట్టినపుడు రొమ్మును బిగించితిమా, అది ఊపిరాడక మన చేతిలోనే చచ్చును. మెత్తని గుడ్డతో ఱెక్కలను చుట్టి, తలకు ఇరుప్రక్కల రెండు వ్రేళ్ల ఆధారముంచి, రొమ్మును విడిచిపెట్టి పట్టవలెను. అది నేర్వనివారు నేర్చినవారిచే పట్టించుట మేలు.

ఇక తక్కెడ. గ్రాము వఱకు చూపు వంటయింటి తక్కెడ చాలును. ఒక చిన్న పెట్టెను దానిపై నుంచి, ముల్లును సున్నకు తెచ్చి, అందు చిలుకను కూర్చుండబెట్టవలెను. వేళ ముఖ్యము. ఉదయమున, రెట్ట వేసిన పిదప, మేత పెట్టక ముందు తూచవలెను. మెడ క్రిందనుండు తిండిసంచి నిండిన తూకము పెరుగును. ఒకనాడు తిన్న తరువాత, ఒకనాడు తినక ముందు తూచిన లెక్క తప్పును. వారమున కొకసారి తూచి, తేదీతో పుస్తకమున వ్రాయవలెను. జబ్బుగా నున్నపుడు ప్రతిదినము తూచవలెను.

ఎంత యుండవలెనని యడుగుదురు. మెడకు గులాబివన్నె పట్టె గల మన మామూలు రామచిలుక పెద్దదైన తరువాత ఇంచుమించు 110 నుండి 140 గ్రాములు తూగును. భుజమున ఎఱ్ఱని మచ్చ గల పెద్దజాతి చిలుక దానికంటె చాల ఎక్కువ తూగును. విదేశపు పక్షులలో బడ్జెరిగార్ సుమారు 30 నుండి 40 గ్రాములు, కాకటీల్ సుమారు 80 నుండి 110 గ్రాములు. ఐనను ఈ అంకెలు దారి చూపునవే కాని తీర్పు చెప్పునవి కావు. మనుష్యులలో పొట్టివాడు, పొడుగువాడు ఉన్నట్లే పక్షులలోను ఎముకబలము గలది, సన్ననిది కలవు. ఆ చిలుకకు ఆ చిలుకయే కొలత. వైద్యుడు ఆరోగ్యముగా నున్నదని చెప్పిన నాటి తూకమును గుఱుతుంచుకొని, తరువాతి తూకమును దానితో పోల్చవలెను.

మన సీమలో బంగారమును సవరలలో చెప్పుకొందుము. సవర యనగా 8 గ్రాములు. 120 గ్రాముల చిలుక 15 సవరల తూకము. అందులో సవరన్నర తగ్గిన, అది పదింట నొక పాలు. అరువది కిలోల మనుష్యుడు కొద్దిదినములలో ఆరు కిలోలు తగ్గినట్లే. బంగారములో సవరన్నర తగ్గిన మనకు నిద్రపట్టదు. చిలుకలో తగ్గినదానిని గమనింపము. అంత తగ్గిన పక్షిని ఆలస్యము చేయక వైద్యునికి చూపవలెను. నులిపురుగులు కావచ్చును, లోపలి రోగము కావచ్చును. చిలుకల నుండి మనుష్యులకు సోకు సిట్టకోసిస్ అను జ్వరమును కలదు. ఎండిన రెట్ట పొడి ఊపిరితో లోనికి పోయినను అది రావచ్చును. కావున రెట్టను తడిపి తీసి, చేతులు కడుగుకొనవలెను.

చిక్కుటకంటె మన యిండ్లలో లావెక్కుటయే అధికము. వేరుసెనగలో ఇంచుమించు సగము నూనెయే; ప్రొద్దుతిరుగుడు పప్పును అట్టిదే. అడవి చిలుక మేతకై ప్రతిదినము దూరము లెగురును. పంజరపు చిలుక ఒక కమ్మి నుండి మఱియొక కమ్మికి దుముకును. తిండి మాత్రము రెట్టింపు. మిగిలిన కొవ్వు కాలేయమున పేరుకొనును. ముక్కు వింతగా పొడవు పెరుగుట, రొప్పుట, కదలక కూర్చుండుట దాని గుఱుతులు. గింజలే తిన్న పక్షికి ఎ విటమిను లోపమును కలుగును. కావున గింజలు తగ్గించి మునగాకు, తోటకూర, క్యారెట్టు, మొలకలు, జామపండు ముక్క పెట్టవలెను. మిరపపండు పెట్టవచ్చును, దాని కారము పక్షులకు తెలియదు. ఉప్పు, నూనెపిండివంటలు, కాఫీ, చాక్లెట్లు పెట్టరాదు. ప్రసాదము మనకు పవిత్రమే. కాని చక్కెరయు నేయియు చిలుక కాలేయమునకు పథ్యము కావు.

లావు తగ్గింపవలెనని పస్తుంచరాదు. చిన్న పక్షి ఆకలిని ఎక్కువసేపు ఓర్వలేదు. మేతను మెల్లమెల్లగా మార్చుచు, తూకము చూచుచు, వైద్యుని సలహాతో నడుపవలెను. మన తిరుపతిలో 1955 నుండి పశువైద్య కళాశాల యున్నది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము ఏర్పడినది. పశువునకు వలెనే పక్షికిని వైద్యమున్నదని మన పల్లెలలో నేటికిని చాలమంది యెఱుగరు.

ఇక ఇంట రామచిలుక యున్నవారికి ఒక మాట. రామదాసు కథ మీకు తెలియనిది కాదు. పూర్వజన్మమున చిలుకను పండ్రెండు దినములు పంజరమున నుంచినందులకు ఆయన గోలకొండ చెఱలో పండ్రెండేండ్లు గడపెనని చెప్పుకొందురు. ఆ కథ తలచుకొని, పుణ్యమనియో చట్టమునకు భయపడియో పంజరపు తలుపు తెఱచి చిలుకను వదలువారు కలరు. అది పుణ్యము కాదు. ఏండ్లుగా ఎగురని, కొవ్వెక్కిన చిలుక చెట్టు చేరకముందే కాకులకు చిక్కును. మేత వెదకుకొనుటయు దానికి తెలియదు. అటవీశాఖవారికి తెలిపి అప్పగింపుడు. పెరటిలో దొరకిన గాయపడిన పక్షి విషయమునను ఇదియే పద్ధతి. గాలి యాడు అట్టపెట్టెలో చీకటిగా, వెచ్చగా నుంచి, బలవంతముగా నోట నీరు పోయక, వెంటనే వారికి చేర్పుడు. రొమ్ముగట్టు కత్తివలె తగిలినదా, అది చాల దినములుగా తిండిలేక యున్నదని వారికి చెప్పుడు. ఆ మాట వైద్యునికి ఉపకరించును.

ఇప్పటికిని తెల్లవారుజామున మా యింటి మీదుగా చిలుకల గుంపులు కొండ నుండి పొలముల వైపునకు అఱచుచు పోవును. వానిని తూచువారు లేరు, తూచవలసిన పనియు లేదు. ఆకలియు ఱెక్కలును వాని తూకమును సరిచూచుకొనును. ఏ పక్షి మేతను, ఎగురుటను మనము మన చేతిలోనికి తీసికొంటిమో, దాని తూకపు బాధ్యతయు మనదే యగును. మా అవ్వకు ఈ మాట చెప్పువారు లేకపోయిరి. మీ యిండ్లలో పిల్లలు పక్షికి పిడికెడు వేరుసెనగ పప్పులు పెట్టబోవునపుడు ఈ మాటను మీరు చెప్పుదురని నమ్ముచు సెలవు తీసికొనుచున్నాను.