సముద్రానికి రెండు రోజులు – ముందుగా తిరుగు ఛార్జీ



మన పెన్‌పహాడ్, మిర్యాలగూడ వైపు పిల్లలు సముద్రం చూస్తామంటే బాపట్ల దగ్గరి సూర్యలంక అనువుగా ఉంటుంది. ఖర్చు లెక్క నేను తిరుగు ఛార్జీతోనే మొదలుపెడతాను. ఒకసారి అలా చేయక, బాపట్ల స్టేషన్లో చిల్లర ఏరుకుంటూ మావారూ నేనూ మొహాలు చూసుకున్నాం!

2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకు ఎక్స్‌ప్రెస్ బస్సు ఉచితమే గదా అనుకోకండి. అది తెలంగాణ సరిహద్దు వరకే. కోదాడ దాటి ఆంధ్రలో అడుగుపెడితే టిక్కెట్టు కొనాల్సిందే. అక్కడ 2025 ఆగస్టులో వచ్చిన స్త్రీశక్తి ఆ రాష్ట్రం ఆడవాళ్ళకే. మిర్యాలగూడ నుంచి గుంటూరు మీదుగా రైలూ ఉంది. అయిదు నిండి పన్నెండేళ్ళలోపు పిల్లలకు బెర్తు అడగకపోతే సగం టిక్కెట్టే, అడిగితే పూర్తిది.

ఊళ్ళో గది చవకని సంబరపడితే, ఒడ్డుకు తొమ్మిది కిలోమీటర్లు. రానూపోనూ ఆటో కూడా కలుపుకోండి. మొదటిరోజుకు పులిహోర, సకినాలు ఇంటినుంచే.

అసలు డబ్బు కరిగేది ఇసుకలోనే. అందుకే పిల్లల వంతు వాళ్ళ చేతికే ఇచ్చేస్తాను, మళ్ళీ అడగరాదని. పోయినసారి మా చిన్నవాడు అంతా గుర్రం స్వారీకే పెట్టేసి, సాయంత్రం అక్క మొక్కజొన్న కంకిలో సగం తిన్నాడు.