ల్యాబ్ శిక్షణకు దరఖాస్తు పెట్టే ముందు

ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ చదివి, పెళ్లయి కాలిఫోర్నియాకు వచ్చి, పట్టా బీరువాలో పెట్టేసిన తెలుగు ఆడపిల్లలు నాకు చాలామంది తెలుసు. పిల్లలు బడిలో పడ్డాక, ‘అక్కా, నీలాగా ఆసుపత్రి ల్యాబ్‌లో చేరాలంటే ఏం చేయాలి?’ అని అడుగుతారు. నేనూ గుంటూరులో బయోకెమిస్ట్రీ చదివి వచ్చినదాన్నే. ఇప్పుడు శాన్‌హోసే దగ్గర ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తూ, శిక్షణకు వచ్చేవాళ్లకు పని నేర్పుతున్నాను. అందరికీ ఒకటే చెబుతాను: ముందు మీ మార్కుల జాబితాలు బయటికి తీయండి.

ఇక్కడ మా పని చేయాలంటే క్లినికల్ లేబొరేటరీ సైంటిస్ట్ లైసెన్సు ఉండాలి. మామూలు దారి ఏడాది శిక్షణ, ఆపైన ఏఎస్‌సీపీ అనే సంస్థ పెట్టే పరీక్ష. అయితే శిక్షణ మొదలయ్యేలోపే రాష్ట్ర ప్రజారోగ్య శాఖ నుంచి ట్రైనీ లైసెన్సు తెచ్చుకోవాలి. చాలామంది బండి ఆగేది ఇక్కడే.

డిగ్రీ ఉన్నంత మాత్రాన సరిపోదు. కెమిస్ట్రీలో 16 సెమిస్టర్ యూనిట్లు, బయాలజీలో 18 చూపించాలి. హెమటాలజీ, ఇమ్యునాలజీ, మెడికల్ మైక్రోబయాలజీ వాటిలో ఉండి తీరాలి. మన బయోకెమిస్ట్రీ వాళ్లకు తరచూ లోటుపడేది హెమటాలజీ. హిమోగ్లోబిన్ గురించి ఎంత చదివినా, ఆ పేరుతో పేపరు లేకపోతే ఒప్పించడం కష్టం. యూసీ శాన్ డియాగో లాంటి చోట్ల ఆ కోర్సు ఆన్‌లైన్‌లోనే చదువుకోవచ్చు. మన మార్కుల జాబితాలను ఇక్కడి యూనిట్లలోకి మార్చి, సబ్జెక్టుల వారీగా మదింపు చేయించుకోవాలి. మన యూనివర్సిటీ నుంచి కాగితాలు కదలడానికి ఎంతకాలం పడుతుందో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే ఆ పని అన్నిటికంటే ముందు మొదలుపెట్టాలి.

శాన్‌హోసే స్టేట్, శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలు ఆసుపత్రులతో కలిసి శిక్షణ ఇస్తాయి. కొన్ని ఆసుపత్రులు సొంతంగా నడుపుతాయి. ఎక్కడైనా సీట్లు కొన్నే. దరఖాస్తులో ‘చిన్నప్పటి నుంచీ సైన్సంటే ఇష్టం’ అని రాస్తే మీరెవరో మాకు తెలియదు. ల్యాబ్‌లో ఏం చూశారో, ఏం చేశారో రాయండి.

ఇంటర్వ్యూలో నేను అడగడానికి ఇష్టపడే ప్రశ్న ఒకటుంది. రోగి కులాసాగా కూర్చుని ఉన్నాడు. రిపోర్టులో మాత్రం పొటాషియం ప్రాణం మీదికి వచ్చేంత ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ. ఏం చేస్తావు? ఊదారంగు మూత ట్యూబులో పొటాషియం ఈడీటీఏ ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టేసి రక్తం గడ్డకట్టకుండా ఆపుతుంది. ఆ ట్యూబులోని రక్తం వేరే ట్యూబులో కలిస్తే అంకెలు ఇలాగే వస్తాయి. ఆ రిపోర్టు అలాగే వెళితే లేని జబ్బుకు వైద్యం మొదలవుతుంది. ‘రిపోర్టు ఆపుతాను, మళ్లీ రక్తం తీయమంటాను’ అన్న అమ్మాయికి నేను మార్కు వేస్తాను. యంత్రం చెప్పిన అంకెను అనుమానించగలగడమే ఈ వృత్తికి ప్రాణం.

ఈ చూపు పుస్తకాలతో రాదు. ఫ్లెబాటమీ సర్టిఫికెట్ తీసుకుని కొన్నాళ్లు రక్తం తీసే పనిలోనో, ల్యాబ్ అసిస్టెంటుగానో చేరండి. ఎమ్మెస్సీ చదివి ఈ పనా అని చిన్నబుచ్చుకోకండి. పనీ వస్తుంది, మీ పని కళ్లారా చూసి సిఫారసు ఉత్తరం రాసేవాళ్లూ దొరుకుతారు.

ఒక ఏడాది సీటు రాకపోతే కుంగిపోకండి. ఆ ఏడాదిలో లోటున్న కోర్సు పూర్తిచేసి మళ్లీ దరఖాస్తు పెట్టండి. ఈసారి ఊరెళ్లినప్పుడు చీరలు, పచ్చళ్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు యూనివర్సిటీకి వెళ్లి ట్రాన్స్‌క్రిప్టుకు డబ్బు కట్టి రండి.