బొగ్గు బాయి: స్తంభముల తీత

చిన్నకోడూరు మొదలుగాగల సిద్దిపేట గ్రామములలో 'బాయి' యనగా సేద్యపు బావి. గోదావరీలోయలోని బొగ్గుగని కార్మికుల వాడుకలో ఆ మాటయే గనికి పేరైనది. నీటిబావి నిలువున దిగి ఆగును. ఈ బాయి పొర దొరకువఱకు దిగి, అటుపై పొరవెంట సాగును. 1889లో ఇల్లెందున త్రవ్వకము మొదలైన సింగరేణి భూగర్భగనులలో చిరకాలము ప్రధానముగ నిలిచినది బోర్డు-పిల్లరు పద్ధతి.

ఇందు బొగ్గుపొరలో నిలువునను అడ్డముగను గ్యాలరీలు త్రవ్వి, నడుమ చదరపు బొగ్గుదిమ్మెలను విడుతురు. పైకప్పును మోయు స్తంభములవియే. గ్యాలరీ వెడల్పు సాధారణముగ 4.8 మీటర్లకు మించరాదని నిబంధన. లోతు పెరిగినకొలది పైభారము హెచ్చును గావున స్తంభమును పెద్దది చేయవలెను. స్తంభముల నడిబిందువుల దూరము 30 మీటర్లనుకొందము: 900 చదరపు మీటర్లలో సుమారు 635 స్తంభమునకే పోవును. చేతికందునది మూడవవంతుకన్న తక్కువ!

కావున రెండవదశలో స్తంభములనే తీయుదురు. కార్మికుని ప్రాణమునకు పరీక్ష ఇచ్చటనే. గని చివరి హద్దునుండి వెనుకకు మరలుచు, స్తంభమును ముక్కలుగ కోసి, ఊతలు నిలిపి, బొగ్గు తీసిన పిదప కప్పును కూలనిత్తురు. ఆ ఖాళీ 'గోఫు'. ఇంగ్లండు గనుల మాటయే యైనను 'బాయి' సరసన చక్కగ నొదిగినది. కూలవలసిన కప్పు కూలక వ్రేలాడుటయే పెద్ద అపాయము. అది ఒక్కపెట్టున విఱిగిపడినచో లోని గాలి పెనుగాలియై గ్యాలరీలలోనికి దూసికొనివచ్చును. పైన ఊరో వాగో యున్నచోట కూలనీయక, ఇసుకను నీటితో కలిపి గొట్టములద్వారా పంపి గోఫును నింపుదురు. ఇసుక నిలుచును; వడిసిన నీటిని మరల పంపులతో పైకి తోడవలెను.