తేలే బంగారం

మొన్న సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ అడిగింది: "ఏమిరా అబ్బీ, మూడేండ్లుగా చదువుతాండావు, అదేమి చదువో మాకూ చెప్పరాదా?" అడగడంలో తప్పేమీ లేదు. మా వేరుశనగ పంట ఎండిపోయిన ఏడు అమ్మ తన గాజులు కుదువ పెట్టి నన్ను డిగ్రీలో చేర్చింది. ఆ గాజులు ఇంకా విడిపించలేదు. ఇప్పుడు నేను యం.యస్సీ. చదువుతానంటున్నాను. కాబట్టి జవాబు చెప్పవలసిన బాధ్యత నాది. ఆ రాత్రి అరుగు మీద కూర్చుని చెప్పిన సంగతులే సోదర విద్యార్థుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

బరువైన వస్తువులు ఒకదాని చుట్టూ ఒకటి వేగంగా తిరిగినప్పుడు స్థలకాలాలలోనే అలలు పుడతాయని 1916లో ఐన్‌స్టీన్ చెప్పాడు. ఇవే గురుత్వ తరంగాలు. అల వెళ్ళే దారిలో దూరాలు ఒక దిక్కున సాగి, అడ్డదిక్కున కుదించుకుపోతాయి. కాని ఆ మార్పు ఎంత? 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో పరికరాలకు మొదటిసారి చిక్కిన తరంగం, 4 కిలోమీటర్ల పొడవున్న గొట్టాలలో కలిగించిన మార్పు ఒక ప్రోటాను వ్యాసంలో కొన్ని వందలో వంతు మాత్రమే! సుమారు 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు పుట్టిన అల అది. ఈ కృషికి 2017లో వైస్, బారిష్, థోర్న్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది. మన దేశంలోనూ ఇటువంటి కేంద్రాన్ని మహారాష్ట్రలోని హింగోలి జిల్లాలో నిర్మించడానికి 2023లో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది.

అయితే భూమి మీద ఒక చిక్కుంది. నేల ఎప్పుడూ ఊరుకోదు. సముద్రపు అలలు, గాలి, రోడ్డు మీద లారీ, అన్నీ దానిని కదిలిస్తూనే ఉంటాయి. అందువల్ల నిదానంగా ఊగే పెద్ద తరంగాలు ఆ రొదలో మునిగిపోతాయి. లక్షల సూర్యుల బరువున్న కృష్ణబిలాలు కలిసేటప్పుడు వచ్చేవి అటువంటివే. ఒక్కొక్క ఊపుకు నిమిషాలు, గంటలు కూడా పట్టవచ్చు. వాటిని వినాలంటే నేలను వదిలి అంతరిక్షానికి పోవలసిందే.

అందుకోసం యూరోపియన్ అంతరిక్ష సంస్థ 2024 జనవరిలో 'లీసా' అనే పథకాన్ని ఖాయం చేసింది. ఇందులో మూడు వ్యోమనౌకలు 25 లక్షల కిలోమీటర్ల ఎడంతో త్రిభుజంలా నిలిచి, భూమి వెనకాలే సూర్యుని చుట్టూ తిరుగుతాయి. వాటి మధ్య లేసరు కాంతి ప్రయాణిస్తుంది. ఒక నౌక నుంచి మరో నౌకకు చేరడానికి కాంతికే 8 సెకండ్లు దాటుతుంది. 2035లో ప్రయోగించాలని సంకల్పం.

లేసరు కొలిచే దూరం అసలు వేటి మధ్య? నౌకల మధ్య కాదు. ఒక్కొక్క నౌక లోపల రెండేసి లోహపు ఘనాలు ఏ ఆధారమూ లేకుండా తేలుతూ ఉంటాయి. భుజం 46 మిల్లీమీటర్లు, బరువు దాదాపు 2 కిలోలు. ఈ ఘనాల మధ్య దూరమే లెక్క. నౌకను సూర్యకాంతి కూడా నెడుతుంది. లోపలి ఘనాన్ని నౌక ఆ నెట్టుడు నుంచి కాపాడుతూ, దానిని తాకకుండా, దానితోపాటే నడవాలి. గాలిలో దీపానికి చేతులు అడ్డం పెట్టుకుని వాకిట్లోంచి నడిచే మనిషిని చూశారా? ఇదీ అంతే. అందుకు నౌకకున్న బుల్లి థ్రస్టర్లు ఆవగింజ బరువుతో పోల్చదగ్గ బలాలతో దానిని సర్దుతూ ఉంటాయి.

ఇక మన పాఠ్యపుస్తకంలోని అయస్కాంతత్వం ఇక్కడ ఎదురవుతుంది. నౌకలో తీగలలో విద్యుత్తు పారుతుంది, పరికరాలుంటాయి. వాటన్నిటికీ అయస్కాంత క్షేత్రం ఉంటుంది. ఘనాన్ని ఇనుముతో చేస్తే ఆ క్షేత్రాలు దానిని లాగేస్తాయి. తరంగం సంగతి మరిచిపోవలసిందే. బంగారం డయా అయస్కాంత పదార్థం, క్షేత్రం నుంచి కొద్దిగా తొలగుతుంది. ప్లాటినం పారా అయస్కాంత పదార్థం, క్షేత్రం వైపు కొద్దిగా మొగ్గుతుంది. అందుకని సుమారు 73 పాళ్ళు బంగారం, 27 పాళ్ళు ప్లాటినం కలిపిన మిశ్రలోహం వాడతారు. ఇది కేవలం సగటు కట్టే లెక్క కాదు, మిశ్రలోహం గుణాన్ని కొలిచి చూసుకోవలసిందే. దాని ససెప్టిబిలిటీ చాలా తక్కువ. పైగా సాంద్రత ఎక్కువ గనుక చిన్న బలాలకు తొందరగా చలించదు.

ఇదంతా కాగితం మీది మాట కాదు. 2015 డిసెంబరులో 'లీసా పాత్‌ఫైండర్' అనే నౌకలో ఇటువంటి రెండు ఘనాలను 38 సెంటీమీటర్ల ఎడంతో తేలనిచ్చే పరీక్షకు పంపారు. అది ఆశించినదానికంటే బాగా నెగ్గింది.

ఇంతవరకు విని అమ్మ లెక్క వేసింది. "అంటే ఒక్కోదాంట్లో కిలోన్నర దగ్గర బంగారమా? ఆకాశంలో పారేస్తారా?"

నాన్న నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా ఇంట్లో బంగారమంటే కరువుకు దాచుకున్న ధైర్యం. నేను ఇంకొక్క సంగతి చెప్పాను. 2017 ఆగస్టు 17న రెండు న్యూట్రాన్ తారలు ఢీకొన్న తరంగం అందింది. తర్వాత ఆ దిక్కుకు దూరదర్శినులు తిప్పి చూస్తే, అక్కడ బరువైన మూలకాలు కొత్తగా పుట్టిన ఆనవాళ్ళు కనిపించాయి. బంగారం వంటివి ఇటువంటి చోట్ల పుడతాయని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. అమ్మ గాజుల్లో కొంతైనా, భూమి పుట్టకముందే, అలా తయారై ఉండవచ్చు.

"దీనివల్ల వాన పడుతుందా?" అని నాన్న అడిగాడు. పడదన్నాను. అబద్ధం చెప్పి యం.యస్సీ.లో చేరడం నాకిష్టం లేదు. ఈ ఘనాల వల్ల మా బోరులో నీళ్ళు రావు, గాజులు ఇంటికి రావు. కాని అంత చిన్న కదలికను కొలవడం నేర్చినవాడు మరి దేన్నైనా జాగ్రత్తగా కొలవగలడని మాత్రం చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరే, ఎంట్రన్సు రాయి. సీటొస్తే అప్పుడు చూద్దాం" అన్నాడు. అమ్మ మాత్రం మర్నాడు పొద్దున కల్లాపి చల్లుతూ, "ఆ ఘనం తేలేటప్పుడు దేనికీ తగలదు గదా?" అని మళ్ళీ అడిగింది.

తగలదమ్మా అన్నాను. ఆ పరీక్ష ఇంకా రాయవలసే ఉంది.